దాచిన పుట్టుక: నటి మెర్ల్ ఓబెరాన్ జీవితం నుండి ఒక పాఠం



ప్రతి ఏటా ఈ సంచికలో ఒక గొప్ప వ్యక్తి జీవితాన్ని పరిచయం చేయడం ఆనవాయితీ. సాధారణంగా శాస్త్రవేత్తలను, దేశ నాయకులను, సంఘ సంస్కర్తలను ఎంచుకుంటారు. ఈసారి మేము ఒక సినిమా నటిని ఎంచుకున్నాము. సినిమా నటి గురించి చదివితే మార్కులు వస్తాయా అని నవ్వకండి. ఈమె కథలో చరిత్ర ఉంది, చట్టాల సంగతి ఉంది, కొంచెం సైన్సు కూడా ఉంది. అన్నింటికంటే ముఖ్యంగా, మనలో చాలామందిని ఎప్పుడో ఒకప్పుడు నిలదీసే ఒక ప్రశ్న ఉంది. "నువ్వు ఎక్కడ పుట్టావు? ఎవరి బిడ్డవు?" అనే ప్రశ్న.

ఆ నటి పేరు మెర్ల్ ఓబెరాన్. 1930లలో బ్రిటిష్ సినిమాలోను, తరువాత హాలీవుడ్‌లోను పెద్ద తార. 1935లో వచ్చిన ఒక చిత్రానికి ఉత్తమ నటి విభాగంలో ఆస్కార్ నామినేషన్ పొందింది. ఆసియా సంతతి స్త్రీకి ఆ విభాగంలో దక్కిన మొదటి నామినేషన్ అదే. కానీ ఆ రోజు ఆ సంగతి లోకానికి తెలియదు. ఆమె తెలియనివ్వలేదు. తాను ఆస్ట్రేలియా దగ్గరి టాస్మేనియా దీవిలో పుట్టానని జీవితమంతా చెప్పుకుంది. నిజానికి ఆమె పుట్టింది మన దేశంలోనే, బొంబాయిలో, 1911 ఫిబ్రవరి 19న.

ఎందుకు దాచింది? దాచి ఏమి పొందింది? ఏమి పోగొట్టుకుంది? ఈ మూడు ప్రశ్నలకు జవాబు వెతకడమే ఈ పాఠం ఉద్దేశం.

ఆనాటి పరిస్థితులు

మెర్ల్ కథ అర్థం కావాలంటే ముందు ఆంగ్లో-ఇండియన్లు ఎవరో తెలుసుకోవాలి. బ్రిటిష్ వారు మన దేశాన్ని పాలించిన రోజుల్లో ఇంగ్లీషు పురుషులకు, భారతీయ స్త్రీలకు పుట్టిన బిడ్డలు, వారి సంతతి ఒక ప్రత్యేక వర్గంగా ఏర్పడ్డారు. మొదట వీరిని యూరేషియన్లు అనేవారు. 1911 జనాభా లెక్కల సమయంలో ప్రభుత్వం వీరికి 'ఆంగ్లో-ఇండియన్' అనే పేరును అధికారికంగా వాడింది. మెర్ల్ పుట్టిన సంవత్సరం కూడా అదే.

రైల్వేలు, టెలిగ్రాఫ్, టెలిఫోన్, కస్టమ్స్ శాఖలలో వీరికి ఉద్యోగాలు దొరికేవి. మన సికింద్రాబాద్ లాలాగూడలోను, గుంతకల్లులోను రైల్వే కాలనీలలో ఇలాంటి కుటుంబాలు ఎన్నో ఉండేవి. ఇంజను డ్రైవర్లుగా, గార్డులుగా, నర్సులుగా, టీచర్లుగా వారు చేసిన సేవ ఆ ఊళ్ళ పెద్దలకు తెలుసు.

ఉద్యోగం ఉన్నా గౌరవం మాత్రం సగమే. ఇంగ్లీషువారి క్లబ్బుల్లోకి వీరిని రానిచ్చేవారు కాదు. వీరి ఇంగ్లీషు యాసను 'చీ-చీ' యాస అని వెక్కిరించేవారు. ఇటు భారతీయులు కూడా వీరిని తమవారిగా పూర్తిగా కలుపుకోలేదు. పైగా వారిలో వారికే ఒంటి రంగును బట్టి హెచ్చుతగ్గులు ఉండేవి. కొంచెం తెల్లగా ఉన్నవారు తమను స్వచ్ఛమైన యూరోపియన్లమని చెప్పుకుని పై మెట్టు ఎక్కడానికి ప్రయత్నించేవారు. నల్లగా ఉన్న బంధువులు ఇంటికి వస్తే ఇబ్బంది పడేవారు. మనుషులను మెట్లు మెట్లుగా నిలబెట్టిన చోట ఒక్కొక్కరూ తన కింది మెట్టును దాచుకోవడం ఎలా జరుగుతుందో మనకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

బాల్యం

మెర్ల్ అసలు పేరు ఎస్టెల్ మెర్ల్ ఓబ్రియన్ థామ్సన్. ఇంట్లో ముద్దుగా క్వీనీ అని పిలిచేవారు. తండ్రి ఆర్థర్ థామ్సన్ ఇంగ్లాండు నుండి వచ్చి రైల్వేలో ఇంజనీరుగా పనిచేసినవాడు. అమ్మ అని ఆమె పిలిచిన స్త్రీ షార్లెట్ సెల్బీ. షార్లెట్ సిలోన్ నుండి, అంటే నేటి శ్రీలంక నుండి వచ్చిన మిశ్రమ సంతతి స్త్రీ, ఒంటి రంగు నలుపు. క్వీనీకి ఊహ తెలిసేసరికే తండ్రి లేడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఆయన చనిపోయాడు.

1917లో తల్లీకూతుళ్ళు బొంబాయి నుండి కలకత్తా చేరారు. పేదరికం. చాలీచాలని సంపాదన. అయినా షార్లెట్ బిడ్డ చదువు ఆపలేదు. కలకత్తాలో పేరున్న లా మార్టినియర్ బాలికల పాఠశాలలో క్వీనీకి స్కాలర్‌షిప్ దొరికింది.

స్కాలర్‌షిప్ మీద పెద్ద స్కూల్లో చేరిన పిల్లకు ఏమి ఎదురవుతుందో ఈ సంచిక పాఠకులకు వేరే వివరించాలా? అక్కడి పిల్లలు ఆమె పుట్టుకను ఎత్తిచూపి ఎగతాళి చేశారు. చివరికి ఆ అమ్మాయి బడి మానేసింది. మిగతా చదువు ఇంటి దగ్గరే సాగింది. చదువులో వెనుకబడి మానలేదు, మాటలు పడలేక మానింది. ఈ తేడాను మీరు గుర్తుంచుకోవాలి. బడి మానిన పిల్లల లెక్కలు చూసేటప్పుడు కారణం గడిలో 'ఆసక్తి లేదు' అని రాస్తారు. అసలు కారణం ఎన్నోసార్లు వేరే ఉంటుంది.

కొంచెం పెద్దయ్యాక క్వీనీ టెలిఫోన్ ఆపరేటరుగా ఉద్యోగంలో చేరింది. సాయంకాలాలు ఔత్సాహిక నాటక సమాజంలో వేషాలు వేసేది. అప్పటికి ఇంకా మూగ సినిమాల కాలం. తెర మీద కనిపించిన తారలను చూసి తానూ అలా కావాలని కలలు కన్నది. టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్న ఆమె గొంతు ఎంతోమంది దొరలు విన్నారు. గొంతుకు రంగు లేదు కదా! ఎవరూ ఏమీ అడగలేదు. ముఖం చూపవలసి వచ్చినప్పుడే ప్రశ్నలు మొదలయ్యేవి.

కలకత్తా నుండి లండన్‌కు

కలకత్తాలో ఆమెకు ఒక మాజీ నటుడితో పరిచయమైంది. అతడు ఆమెను ఇష్టపడ్డాడు. ఒక రోజు ఇంటికి వచ్చి తల్లి షార్లెట్‌ను చూశాడు. తల్లి నల్లగా ఉందని తెలిసిన తరువాత ఆ ఇష్టం నిలవలేదు. అయితే ఫ్రాన్సులోని నీస్ నగరంలో స్టూడియో నడుపుతున్న దర్శకుడు రెక్స్ ఇన్‌గ్రామ్‌కు ఆమెను పరిచయం చేస్తానన్న మాట మాత్రం పోలేదు. ఆ ఒక్క మాట పట్టుకుని తల్లీకూతుళ్ళు ఓడ ఎక్కారు. ఇన్‌గ్రామ్ ఆమెకు చిన్న వేషం ఇచ్చాడు.

అక్కడి నుండి లండన్. పెద్ద నగరంలో తెలిసినవారు లేరు, డబ్బు లేదు. కెఫే డి పారిస్ అనే నైట్ క్లబ్బులో అతిథులను పలకరించే హోస్టెస్ ఉద్యోగం చేసింది. సినిమాల్లో గుంపులో నిలబడే ఎక్స్‌ట్రా వేషాలు వేసింది. పేరు పడని వేషాలు, ఒక్క మాట కూడా లేని వేషాలు. రెండు మూడేళ్ళు ఇలాగే గడిచింది.

ఆమె దశ తిప్పినవాడు అలెగ్జాండర్ కోర్డా. అతడు హంగేరీ నుండి వలస వచ్చి, 1932లో లండన్ ఫిల్మ్స్ అనే సంస్థను స్థాపించిన దర్శక నిర్మాత. అదే సంవత్సరం 'వెడ్డింగ్ రిహార్సల్' చిత్రంలో ఆమెకు చెప్పుకోదగ్గ పాత్ర ఇచ్చాడు. 1933లో 'ది ప్రైవేట్ లైఫ్ ఆఫ్ హెన్రీ ది ఎయిత్' అనే చిత్రం తీశాడు. అది ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీ కథ. అందులో మెర్ల్ వేసింది రాజు మరణశిక్ష విధించిన రాణి ఆన్ బొలీన్ వేషం. ఆ పాత్ర తెర మీద ఉండేది సినిమా మొదట్లో కొద్ది నిమిషాలే. శిక్షకు సిద్ధమవుతూ అద్దంలో తన ముఖం చూసుకునే ఆ కొద్ది నిమిషాలలోనే ఆమె ప్రేక్షకుల దృష్టిలో పడింది. రాజు వేషం వేసిన చార్ల్స్ లాటన్‌కు ఉత్తమ నటుడి ఆస్కార్ వచ్చింది. ఆ చిత్రం అమెరికాలో కూడా బాగా ఆడి బ్రిటిష్ సినిమాకు తలుపులు తెరిచింది.

తరువాత 1934లో 'ది స్కార్లెట్ పింపర్నెల్'లో లెస్లీ హోవర్డ్ సరసన కథానాయిక. గుంపులో నిలబడిన అమ్మాయి పోస్టరు మీదికి రావడానికి పట్టిన కాలం నాలుగైదేళ్ళు. చిన్న వేషం వచ్చినప్పుడు చిన్నదని వదలకుండా దానికే పూర్తిగా సిద్ధపడడం ఈ విజయంలోని మొదటి పాఠం. ఇంతవరకు కథ సాఫీగానే ఉంది. రెండవ పాఠం అంత తేలిక కాదు.

కొత్త పేరు, కొత్త పుట్టుక

సినిమా కోసం పేరు మార్చుకోవడం వింత కాదు. ఓబ్రియన్ అనే ఇంటిపేరును కాస్త మార్చి ఓబెరాన్ అన్నారు. వింత ఏమిటంటే పేరుతో పాటు పుట్టుకను కూడా మార్చారు. ఆమె టాస్మేనియాలోని హోబర్ట్ నగరంలో మంచి కుటుంబంలో పుట్టిందని, తండ్రి చనిపోయాక భారతదేశంలో బంధువర్గం దగ్గర పెరిగిందని ప్రచారం చేశారు. టాస్మేనియానే ఎందుకు? అది తెల్లవారి వలస రాజ్యం, బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగం. లండన్‌కు, హాలీవుడ్‌కు ఎంతో దూరం. అక్కడికి వెళ్ళి రిజిస్టరు తిరగేసి చూసేవారు ఎవరుంటారు?

ఇది కేవలం గొప్ప కోసం ఆడిన అబద్ధమా? తీర్పు చెప్పే ముందు ఆ రోజుల చట్టాలను, నియమాలను చూడాలి.

మొదటిది: 1923లో అమెరికా సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే పంజాబీ కేసులో తీర్పు చెప్పింది. భారతీయులు చట్టం దృష్టిలో 'తెల్లవారు' కారు కాబట్టి వారికి అమెరికా పౌరసత్వానికి అర్హత లేదన్నది. థింద్ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. అదీ లెక్కలోకి రాలేదు. 1924లో వచ్చిన వలస చట్టం ఆసియా వారికి తలుపులు దాదాపు పూర్తిగా మూసింది. భారతీయులకు పౌరసత్వ హక్కు దొరికింది 1946లో మాత్రమే.

రెండవది: హాలీవుడ్‌లో 1934 నుండి ప్రొడక్షన్ కోడ్ అనే నియమావళిని గట్టిగా అమలు చేశారు. దాన్నే హేస్ కోడ్ అని కూడా అంటారు. తెల్లవారికి, నల్లవారికి మధ్య ప్రేమ సంబంధాన్ని తెర మీద చూపకూడదని అందులో రాసి ఉంది. ఆచరణలో ఆ నిషేధం నీడ ఆసియా నటీనటుల మీద కూడా పడింది. చైనా సంతతి అమెరికన్ నటి అన్నా మే వాంగ్ సంగతి చూడండి. చైనా రైతు కుటుంబం కథ అయిన 'ది గుడ్ ఎర్త్' చిత్రంలో కథానాయిక పాత్ర ఆమెకు దక్కలేదు. భర్త పాత్రను పాల్ మ్యూని అనే తెల్ల నటుడికి ఇచ్చారు కాబట్టి భార్య కూడా తెల్లగా ఉండాలి. జర్మనీలో పుట్టిన లూయీస్ రైనర్ చైనా స్త్రీ వేషం వేసి 1937 చిత్రాలకు ఇచ్చిన ఆస్కార్‌లలో ఉత్తమ నటి బహుమతి అందుకుంది. చైనా స్త్రీ పాత్రకే చైనా సంతతి స్త్రీ పనికిరాని రోజులవి.

ఈ రెండు విషయాలు కలిపి చూస్తే మెర్ల్ ముందున్న దారులు అర్థమవుతాయి. నిజం చెబితే కథానాయిక కాలేదు. కథానాయిక కావాలంటే నిజం చెప్పలేదు.

1935లో నిర్మాత శామ్యూల్ గోల్డ్విన్ తీసిన 'ది డార్క్ ఏంజెల్' చిత్రంలో ఆమె అచ్చమైన ఇంగ్లీషు అమ్మాయి పాత్ర వేసింది. దానికే ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బహుమతి ఆ ఏడాది బెట్టీ డేవిస్‌కు వెళ్ళింది. 1939లో 'వుదరింగ్ హైట్స్' వచ్చింది. ఆ నవలలో కథానాయకుడు హీత్‌క్లిఫ్ ఎక్కడి నుండి వచ్చాడో తెలియని, నల్లని ఛాయగల అనాథ. అతని పుట్టుక తెలియదనే అందరూ అతన్ని చిన్నచూపు చూస్తారు. సినిమాలో ఆ పాత్ర తెల్ల నటుడు లారెన్స్ ఒలీవియర్ వేశాడు. అతన్ని ప్రేమించే తెల్లింటి పిల్ల పాత్ర మెర్ల్ వేసింది. నిజంగా పుట్టుక దాచుకుంటున్నది ఎవరో ప్రేక్షకులకు తెలియదు.

ఇద్దరు నటీమణులు

ఇక్కడ ఒక పోలిక చూద్దాం. అదే కాలంలో మరొక బ్రిటిష్ నటి కూడా మన దేశంలోనే పుట్టింది. ఆమె వివియన్ లీ. 1913 నవంబరు 5న డార్జిలింగ్‌లో పుట్టింది. తండ్రి కలకత్తాలో బ్రోకరు వ్యాపారం చేసే ఇంగ్లీషువాడు. ఆరేళ్ళ వయసులో ఆమెను ఇంగ్లాండులోని కాన్వెంటుకు పంపారు. 'గాన్ విత్ ది విండ్' చిత్రానికి ఉత్తమ నటి ఆస్కార్ అందుకుంది. 'వుదరింగ్ హైట్స్'లో ఆమెకు రెండవ కథానాయిక పాత్ర ఇస్తామంటే వద్దంది.

వివియన్ లీ డార్జిలింగ్‌లో పుట్టానని చెప్పడానికి ఎన్నడూ వెనుకాడవలసిన పని లేకపోయింది. హిమాలయాల నీడలో పుట్టిందని పత్రికలు ముచ్చటగా రాసుకున్నాయి. మెర్ల్ మాత్రం బొంబాయి పేరు ఎత్తలేకపోయింది. ఇద్దరిదీ పుట్టిన దేశం ఒకటే. చేసే పని ఒకటే. అంటే దోషం ఊరిది కాదు. ఎవరి కడుపున పుట్టారన్నదే తేడా. ఊరి పేరు ఒకటే అయినా ఊళ్ళో ఏ వీధి అన్న దాన్ని బట్టి మర్యాద మారుతుందని మన పల్లెల్లో పెరిగినవారికి బాగా తెలుసు. "మీది ఏ ఊరు?" అన్న ప్రశ్న తరువాత "ఊళ్ళో ఎక్కడ?" అన్న ప్రశ్న ఎందుకు వస్తుందో కూడా తెలుసు.

అమ్మ

ఈ కథలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకున్నది షార్లెట్. కూతురు తార అయింది. పెద్ద ఇల్లు, పెద్ద మనుషుల రాకపోకలు. ఆ ఇంట్లో అమ్మ ఉంది, కానీ అమ్మగా లేదు. వచ్చినవారికి పనిమనిషి అని చెప్పేవారు. ఆకలి కడుపుతో బిడ్డను సాకి, ఓడలో వెంట వచ్చి, పరాయి దేశంలో తోడుగా నిలిచిన మనిషి ఆ మాటను మౌనంగా ఒప్పుకుంది. 1937లో షార్లెట్ చనిపోయింది. తరువాతి కాలంలో మెర్ల్ తల్లి బొమ్మను గీయించుకుంది. ఆ బొమ్మలో తల్లి ఒంటి రంగును తెల్లగా వేయించింది. అమ్మ మీద ప్రేమ లేకపోతే బొమ్మ గీయించేది కాదు. భయం లేకపోతే రంగు మార్చేది కాదు. ఆ ఒక్క పటంలో రెండూ ఉన్నాయి.

మరో సంగతి మెర్ల్ చనిపోయిన తరువాత బయటపడింది. షార్లెట్ నిజానికి ఆమె అమ్మమ్మ. కన్నతల్లి షార్లెట్ కూతురు కాన్‌స్టెన్స్. ఆమె ఇంకా చిన్నపిల్లగా ఉన్నప్పుడే బిడ్డను కన్నది. పరువు కోసం షార్లెట్ ఆ బిడ్డను తన బిడ్డగా పెంచింది. కాన్‌స్టెన్స్‌ను మెర్ల్‌కు అక్కగా చెప్పారు. అంటే దాచడం మెర్ల్‌తో మొదలు కాలేదు. ఆమె పుట్టక ముందే మొదలైంది.

దీపం వెలుగు, ముఖం

సైన్సు విద్యార్థులకు ఒక చిన్న విషయం. 1937లో 'ఐ, క్లాడియస్' అనే చిత్రం తీస్తుండగా మెర్ల్ లండన్‌లో కారు ప్రమాదానికి గురైంది. ఆ సినిమా ఆగిపోయి అసంపూర్ణంగా మిగిలిపోయింది. ముఖం మీద గాయాల గుర్తులు మిగిలాయి. తెల్లగా కనిపించడం కోసం ఏళ్ళ తరబడి వాడిన సౌందర్య సాధనాల వలన కూడా చర్మం దెబ్బతిన్నదని ఆమె జీవితం గురించి రాసినవారు చెబుతారు.

1944లో వచ్చిన 'ది లాడ్జర్' చిత్రానికి లూసియెన్ బలార్డ్ అనే ఛాయాగ్రాహకుడు ఒక కొత్త దీపం అమర్చాడు. మామూలుగా దీపం పక్క నుండి పడితే చర్మం మీది చిన్న ఎత్తుపల్లాలకు నీడలు పడి మచ్చలు స్పష్టంగా కనిపిస్తాయి. దీపాన్ని కెమెరా కటకానికి ఆనించినట్లుగా పెట్టి ఎదురుగా వెలుగు వేస్తే ఆ నీడలు గుంటల వెనుకకు పోయి కెమెరాకు కనిపించవు. ముఖం నునుపుగా, వెలుగుతో నిండి కనిపిస్తుంది. ఈ దీపానికి ఆమె పేరు మీదుగానే 'ఓబీ' లైట్ అని పేరు వచ్చింది. ఇప్పటికీ సినిమా వారు ఆ పేరు వాడుతున్నారు. ఆమె 1945లో బలార్డ్‌ను వివాహం చేసుకుంది. అంతకుముందు 1939లో కోర్డాను చేసుకుంది. 1942లో కోర్డాకు 'సర్' బిరుదు రావడంతో లేడీ కోర్డా అనిపించుకుంది. కలకత్తా స్కూల్లో వెక్కిరింపులు పడిన క్వీనీ బ్రిటిష్ సమాజంలో 'లేడీ' అయింది. ఆ మాట కలకత్తా బడిలో వెక్కిరించిన పిల్లలకు చెప్పుకుని తల ఎత్తుకునే వీలు మాత్రం ఆమెకు లేకపోయింది.

చివరి రోజులు, బయటపడ్డ నిజం

1978లో హోబర్ట్ నగరం తమ ఊరి బిడ్డ అనుకుని ఆమెకు పౌర సన్మానం ఏర్పాటు చేసింది. ఆమె అక్కడ పుట్టినట్లు ఏ ఆధారమూ లేదని సభకు కొద్ది ముందు నిర్వాహకులకు తెలిసింది. అయినా సభ ఆపలేదు. ఆమె వచ్చింది. ఒంట్లో బాగాలేదని చెప్పి, ప్రశ్నలకు అందకుండా తొందరగా వెళ్ళిపోయింది. అరవై ఏడేళ్ళ వయసులో, పేరు ప్రతిష్ఠలు అన్నీ సంపాదించిన తరువాత కూడా "ఎక్కడ పుట్టావు?" అన్న ప్రశ్న ఆమెను వదలలేదు. మరుసటి సంవత్సరం, 1979 నవంబరు 23న, అమెరికాలో ఆమె మరణించింది.

1983లో ఆమె జీవిత చరిత్ర పుస్తకంగా వచ్చి బొంబాయి జన్మ వృత్తాంతాన్ని బయటపెట్టింది. అయినా టాస్మేనియాలో కొందరు ఒప్పుకోలేదు. అక్కడి హోటల్లో పనిచేసిన చైనా సంతతి స్త్రీ కూతురని వారు నమ్ముతూ వచ్చారు. ఆ నమ్మకం మీదనే 2002లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది. 2023లో మలేషియా నటి మిషెల్ యో ఉత్తమ నటి ఆస్కార్ గెలిచినప్పుడు మెర్ల్ పేరు మళ్ళీ పత్రికలకు ఎక్కింది. ఆసియా వ్యక్తినని బాహాటంగా చెప్పుకుని నామినేషన్ పొందిన మొదటి నటి మిషెల్ యో అని రాయవలసి వచ్చింది. ఎందుకంటే ఎనభై ఏడేళ్ళ ముందే ఒకామె ఆ వరుసలో నిలబడి ఉంది, చెప్పుకోకుండా.

మనం ఏమి నేర్చుకోవాలి?

మెర్ల్ అబద్ధం ఆడింది కాబట్టి చెడ్డది అనడం తేలిక. మేము అలా అనము. బాబాసాహెబ్ అంబేద్కర్ గారి జీవితం గుర్తు చేసుకోండి. విదేశాలలో పెద్ద చదువులు చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చినప్పుడు ఆ ఊళ్ళో ఆయనకు అద్దెకు గది దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించుకుని ఉండవలసి వచ్చింది. పదకొండవ రోజున కర్రలు పట్టుకుని వచ్చినవారు ఆయనను వెళ్ళగొట్టారు. అంతటి మనిషికే తలదాచుకోవడానికి మరొక పేరు కావలసి వచ్చిందంటే తప్పు ఎవరిది? పేరు దాచినవారిదా, పేరు అడిగి తలుపు వేసినవారిదా?

కానీ తేడా కూడా చూడాలి. అంబేద్కర్ గారు ఆ రోజు జరిగిన దాన్ని తరువాత తన పేరుతోనే రాసి లోకానికి చెప్పారు. దాచవలసి వచ్చిన అవమానాన్ని పోరాటానికి సాక్ష్యంగా మార్చారు. మెర్ల్‌కు అలాంటి తోడు లేదు. వెనుక ఒక సంఘం లేదు, ఉద్యమం లేదు, ఆమె కోసం మాట్లాడే చట్టం లేదు. ఒంటరిగా దాచింది, ఒంటరిగానే ఆ బరువు మోసింది.

మనకు ఈ రోజు ఆ రెండూ ఉన్నాయి. రాజ్యాంగం 17వ అధికరణం ఉంది. అట్రాసిటీల నిరోధక చట్టం 1989 నుండి ఉంది. ఒకే గదిలో ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగిన తోడు ఉంది. అయినా ఈ హాస్టల్ దాటి ఇంజనీరింగ్ కాలేజీకో, యూనివర్సిటీకో, హైదరాబాదులో ఉద్యోగానికో వెళ్ళిన తరువాత "ఇంతకు ముందు ఎక్కడ ఉండి చదివావు?" అని అడిగితే నాలుక తడబడే రోజులు వస్తాయి. ఇంటిపేరు మింగేయాలనిపిస్తుంది. అమ్మ కూలిపనికి వెళ్తుందని చెప్పడానికి బదులు ఇంట్లోనే ఉంటుందని చెప్పాలనిపిస్తుంది. ర్యాంకు చెప్పగానే "కోటాలో వచ్చిందా?" అని అడిగేవారు ఉంటారు.

ఎవరికైనా, ఎక్కడైనా, అన్నీ చెప్పి తీరాలని మేము అనడం లేదు. అద్దె ఇల్లు దొరకాలి, ఉద్యోగం నిలబడాలి. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో ఎవరి పరిస్థితి వారిది. చెప్పలేకపోయిన అన్నను, అక్కను తక్కువగా చూడకండి. మేము చెప్పేది ఒక్కటే. బయటివారి ముందు ఏమి చెప్పినా, చెప్పకపోయినా, అమ్మను మాత్రం గుమ్మం దగ్గర పనిమనిషిగా నిలబెట్టకండి. కాలేజీ డే రోజున మాసిన చీరతో వచ్చినా మా అమ్మ అని పక్కన కూర్చోబెట్టుకోండి. పటంలో అమ్మ రంగు మార్చవద్దు.

అలాగే మన కింది తరగతుల తమ్ముళ్ళను, చెల్లెళ్ళను మనమే రంగును బట్టి, మాట యాసను బట్టి, ఊరిని బట్టి వెక్కిరించకూడదు. క్వీనీ బడి మానింది తోటి పిల్లల మాటల వలన. అలాంటి మాట మన హాస్టల్లో ఎవరి నోటా రాకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పని. పాత విద్యార్థులు వార్షికోత్సవానికి వచ్చి, తాము ఎక్కడ చదివారో, ఏ స్థితి నుండి వచ్చారో పిల్లల ముందు నిలబడి చెబితే అది పది పుస్తకాల పెట్టు. విన్న పిల్లవాడికి రేపు ఎవరైనా అడిగినప్పుడు గొంతు తడబడదు.

ఆలోచించి రాయండి

1. మెర్ల్ ఓబెరాన్ తన జన్మస్థలాన్ని దాచడానికి దారి తీసిన చట్టాలను, నియమాలను వివరించండి.

2. వివియన్ లీ, మెర్ల్ ఓబెరాన్ ఇద్దరూ భారతదేశంలోనే పుట్టినా ఒకరు దాచవలసి రావడానికి, మరొకరు దాచనక్కర లేకపోవడానికి కారణం ఏమిటి?

3. దీపాన్ని కెమెరాకు దగ్గరగా, ఎదురుగా పెడితే ముఖం మీది మచ్చలు ఎందుకు తగ్గి కనిపిస్తాయి? బొమ్మ గీసి చూపండి.

4. తల్లి పటంలో రంగు మార్పించడంలో ప్రేమ ఉందా, భయం ఉందా? మీ అభిప్రాయం పది వాక్యాలలో రాయండి.

5. బడి మానాలనుకుంటున్న తోటి విద్యార్థి మీ గదిలో ఉంటే మీరు ఏమి చేస్తారు? దీనికి జవాబు రాయడమే కాదు, చేసి చూపండి.